జరిగిన మాట

మొదటి వారం, ఒకటో ఉత్తరం

ప్రియమైన కత్తెరక్కకి,

నీ చీమ రాస్తున్నది. ఫోన్ ఎందుకు ఎత్తడం లేదని ఇక అడగకు. అది మోగితే వంటింట్లో ఉన్నదాన్ని స్నానాలగదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంటున్నాను. చివరికి ఆయన దాన్ని దుప్పట్ల బీరువాలో పెట్టేశారు. ఉత్తరం మోగదు. అందుకని ఉత్తరం.

నిన్న డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. నడిచే వెళ్లాను, గంటా పది నిమిషాలు పట్టింది. ఆయన పక్కనే నడిచారు. లిఫ్టులు బాగుచేసే మనిషి కదా, ఆ భవనంలో కొత్త లిఫ్టు చూసి ముచ్చటపడి, మళ్లీ నా కోసం మూడంతస్తులు మెట్లెక్కారు.

మామూలు గది. రెండు కుర్చీలు, గోడ గడియారం, కాగితపు రుమాళ్ల డబ్బా. డాక్టరమ్మ నాకంటే బాగా చిన్నది. చెప్పవలసినవన్నీ ఇంట్లోనే వరసగా రాసుకుని వెళ్లాను. బస్సు ప్రమాదమై ఎనిమిది నెలలు. అప్పటి నుంచి బస్సెక్కలేదు. గాజు పగిలిన చప్పుడు వింటే ఒళ్లు చల్లబడుతుంది. నిద్ర మూడు గంటలు. పట్టపగలు కూడా ఉన్నట్టుండి ఆ బస్సులోనే ఉంటాను. పొయ్యి దగ్గర గరిటె పట్టుకున్న చెయ్యి ఉంటుంది, నేను ఉండను.

ఆవిడ అంతా చదివి, "ఇది పిచ్చీ కాదు, పిరికితనమూ కాదు. దీనికి పేరుంది, వైద్యం ఉంది" అంది. పీటీఎస్‌డీ అంటారట. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మెదడు ఒక గంట మోగిస్తుందట. కొందరికి ప్రమాదం దాటిపోయినా ఆ గంట ఆగదట.

వైద్యం పద్ధతి ఇలా ఉంది. వారానికోసారి గంటన్నర, పన్నెండు వారాలు. భయపడి మానేసిన పనులన్నీ చిన్నదాని నుంచి పెద్దదాని దాకా మెట్లుగా రాసుకోవాలి. ఒక్కో మెట్టు రోజూ ఎక్కి, భయం దానంతటది తగ్గేదాకా అక్కడే ఉండాలి. ఎక్కేముందు ఎంత భయం, దిగాక ఎంత భయం, నూటికి ఎన్నో కాగితం మీద వెయ్యాలి. ఇక రెండోది, ఆ రోజు సంగతి కళ్లు మూసుకుని మొదటి నుంచి చివరిదాకా పైకి చెప్పాలి. దాన్ని రికార్డు చేసి ఇస్తారు. రోజూ ఇంట్లో వినాలి.

గళ్లు, అంకెలు, వరస. ఇది నాకు చేతనవుతుందనిపించింది. మొదటి గడిలో తొంభై వేశాను.

నీ చీమ


ప్రియమైన చీమకి,

నీ ఉత్తరం చదువుతూ ఒక చొక్కాకి రెండూ ఎడమ చేతులే కత్తిరించాను. ఇక దానికి రెండు ఎడమ భుజాలున్న మనిషిని వెతకాలి.

ఉత్తరానికి కూడా నంబరు వేసేది ఈ లోకంలో నువ్వొక్కదానివే. ఉప్పు డబ్బా మీద తెరిచిన తేదీ రాసేదానివి, భయానికి మార్కులు వెయ్యమంటే నీకంటే ఎవరు బాగా వేస్తారు? మరిది పాపం. లిఫ్టు మెకానిక్ చేత మెట్లెక్కించిన ఘనత నీది.

వేళాకోళం సరే. ఒక్కటి చెప్పనా? ఆసుపత్రిలో నీ మంచం పక్కన పదకొండు రోజులు కూర్చున్నాను. ఏం జరిగిందే అని ఎన్నిసార్లు అడిగినా గోడవైపు తిరిగావు. అప్పుడు ఊరుకున్నాను, ఒళ్లంతా కుట్లున్నదాన్ని ఏం పీడిస్తాంలే అని. ఇప్పుడు కుట్లు మానాయి. నాకు చెప్పలేనిది ఆ డాక్టరమ్మకి చెప్పు. ఆవిడకి చెప్పలేనిది నాకు రాయి. ఎక్కడో ఒకచోట కక్కు. లోపల పెట్టుకుంటే అది నిన్ను తింటుంది.

అన్నట్టు, పన్నెండు వారాలంటే పన్నెండు వారాలూ వెళ్లు. సగం కుట్టిన బట్ట ఎవరికీ పనికిరాదు.

నీ అక్క


నాలుగో వారం, రెండో ఉత్తరం

ప్రియమైన అక్కకి,

ఆలస్యమైంది, ఏమనుకోకు. పని ఎక్కువైంది. భయపడే పని.

మెట్లు పది రాశాను. మొదటిది ఫోన్ మోగుతుంటే అదే గదిలో కూర్చోవడం. మూడోది పగిలిన గాజు పెంకు అరచేతిలో పట్టుకోవడం. ఆరోది బస్సు స్టాపులో అరగంట నిలబడటం. ఎనిమిదోది ఆయనతో కలిసి బస్సెక్కడం. పదోది ఒక్కదాన్నే, అదే బస్సులో, అదే దారిలో, నీ ఊరిదాకా రావడం. ఆ కాగితాన్ని వంటింటి అలమర తలుపు లోపలివైపు అంటించాను.

మొదటి వారం తొంభై. రెండో వారం ఎనభై. మూడో వారం డెబ్భై. ఈ వారం అరవై. బాగా తగ్గుతోంది. ఈ రోజు ఆయనతో బస్సెక్కి పెద్ద పోస్టాఫీసు దాకా వచ్చాను. ఇక్కడి బల్ల మీదే ఈ ఉత్తరం రాస్తున్నాను. పెన్నుకి దారం కట్టి ఉంది, చెయ్యి సాగనివ్వడం లేదు, అందుకే అక్షరాలు ఇరుకుగా వచ్చాయి. రాసి ఇక్కడి డబ్బాలోనే వేస్తాను.

ఆ రోజు సంగతి కూడా చెప్పాను. బస్సెక్కాను, కూర్చున్నాను, నలభై నిమిషాలకి కిటికీ వైపు నుంచి లారీ వచ్చింది, అద్దాలన్నీ లోపలికి వచ్చాయి, ఎవరో నన్ను బయటికి తీశారు. అంతా కలిపి రెండు నిమిషాల పది సెకన్లు. రోజూ కూరగాయలు తరుగుతూ వింటున్నాను. డాక్టరమ్మ మాత్రం, "చేతులు ఖాళీగా పెట్టుకుని వినండమ్మా" అంటోంది. ఖాళీ చేతులతో కూర్చోవడం నాకు ఎప్పుడలవాటు?

ఈ లెక్కన ఎనిమిదో వారానికి ఇరవైకి దిగుతాను. అక్కడితో చాలు.

నీ చీమ


ప్రియమైన చీమకి,

నేను కుట్టుపనిదాన్ని. గుడ్డ పైకి ఎంత బాగున్నా తిరగేసి లోపలి కుట్టు చూస్తాను. నీ కవరు తిరగేశాను. దాని మీద ముద్ర మీ వీధి చివరి చిన్న పోస్టాఫీసుది. అంటే ఏమిటి? బస్సెక్కి అంతదూరం పోయి, దారం కట్టిన పెన్నుతో అవస్థపడి రాసి, మళ్లీ ఇంటికి మోసుకొచ్చి పక్కవీధిలో వేశావా?

అబద్ధానికి కూడా చెయ్యి తిరగాలమ్మా. నీకు తిరగలేదు. దారం కట్టిన పెన్ను దాకా వెళ్లావు చూడు, అక్కడ దొరికిపోయావు. నిజం చెప్పేవాళ్లు పెన్ను సంగతి రాయరు.

నన్ను మోసం చేశావని కాదు నా బాధ. తొంభై, ఎనభై, డెబ్భై, అరవై... అవి ఎవరి కోసం వేస్తున్నావు? బడిలో మార్కులు వేసేది పంతులు. ఇక్కడ పరీక్ష రాసేదీ నువ్వే, దిద్దేదీ నువ్వే.

బస్సెక్కలేకపోయానని రాస్తే నేను కొడతానా? నిజంగా ఎంత ఉందో ఒక్క అంకె రాయి. కోపంగా రాసినా సరే.

నీ అక్క


ఏడో వారం

అక్కకి,

నువ్వు పోలీసువి కావు. ముద్రలు చూసే పని నీకెందుకు?

నువ్వొక్కదానివి చాలనట్టు నిన్న డాక్టరమ్మ కూడా నా కాగితాలు ఆరూ బల్ల మీద వరసగా పరిచింది. "భయం ఇంత చక్కగా దిగదమ్మా. ఒక రోజు తగ్గుతుంది, మర్నాడు కారణం లేకుండా పెరుగుతుంది. మీ కాగితం మరీ శుభ్రంగా ఉంది" అంది. శుభ్రంగా ఉండటం తప్పని ఒకరు అనగా వినడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు.

ఆవిడ ఇంకా మెల్లగా అడిగింది. "బస్సెక్కానన్నారు. కూర్చున్నానన్నారు. ఎక్కడానికీ కూర్చోవడానికీ మధ్య ఏముంది? ప్రతిసారీ అక్కడ మీ గొంతు ఆగి, మళ్లీ మొదలవుతోంది."

సంచీ తీసుకుని లేచి వచ్చేశాను. మెట్ల మీద ఆయన వెనకాలే దిగుతూ, "కోపమొచ్చిందా?" అన్నారు. లేదన్నాను. "మరి గొడుగు అక్కడే వదిలేశావేం?" అన్నారు. పైకి వెళ్లి ఆయనే తెచ్చారు. నేను పైకి వెళ్లలేదు. ఇక వెళ్లను.

ఇంట్లో ఉన్నంతసేపు బాగానే ఉన్నాను. సరుకులు ఇంటికే వస్తున్నాయి. నలభై ఎనిమిదేళ్లొచ్చాయి, ఇంకా ఎక్కడికి తిరగాలి? నువ్వు కూడా ఇక అడగకు. అడిగితే ఉత్తరాలు కూడా మానేస్తాను. మెట్ల కాగితం పీకేశాను. అలమర తలుపుకి జిగురు మరక మిగిలింది, గోరువెచ్చటి నీళ్లతో తుడవాలి.

చెల్లెలు


ప్రియమైన చీమకి,

మానేస్తే మానెయ్. నీ బెదిరింపులకి భయపడితే నీతో ఒకే మంచం మీద పద్నాలుగేళ్లు పడుకునేదాన్నా?

మూడు వారాలు ఊరుకున్నాను. నిన్న మరిది దగ్గర్నుంచి చీటీ వచ్చింది. నీకు తెలియకుండా రాశాడు, అతన్నేమీ అనకు. నాలుగే వాక్యాలు. "వదినగారూ, ఇదివరకు నడిచైనా వచ్చేది. ఇప్పుడు గుమ్మం బయట ఆరేసిన తువ్వాలు తీయడానికి కూడా రావడం లేదు. నేను పనికి వెళ్తుంటే ఏ దారిన వెళ్తారో రాసివ్వమంటోంది. పది నిమిషాలు ఆలస్యమైతే తలుపు దగ్గర నేల మీద కూర్చుని ఉంటోంది." నీ బాగుండటం ఇదన్నమాట.

అందుకని నీ ఉత్తరాలు మూడూ బల్ల మీద పరిచి మళ్లీ చదివాను, కుట్టు ఎక్కడ జారిందా అని. ప్రమాదమైంది అన్నావు. లారీ వచ్చింది అన్నావు. ఆ రోజు సంగతి అన్నావు. ఒక్కచోట కూడా "జరిగింది" అని రాయలేదు. ఎవరైనా మొట్టమొదట వాడే మాట అది. దాని చుట్టూ తిరిగి తిరిగి రాశావు, తుడిచిన నేల తడిగా ఉన్నప్పుడు అంచునే నడిచినట్టు.

ఆసుపత్రిలో ఒకటి చూశాను. రెండో రోజు నర్సు వచ్చి, "కాస్త పక్కకి జరగమ్మా, దుప్పటి మారుస్తాను" అంది. నువ్వు రెండు చేతులతో మంచం కమ్మీ పట్టుకుని అరిచావు. నొప్పనుకున్నారు అందరూ. నొప్పి కుట్లలో అయితే కదిపాక అరవాలి. నువ్వు కదపకముందే అరిచావు.

ఆ మాట దగ్గర ఏముంది? నాకు చెప్పొద్దు. ముందు ఆవిడ దగ్గరికి వెళ్లి, ఆ కుర్చీలో కూర్చుని, ఆ ఒక్క మాట అను. ఒక్కసారి. ఆ తర్వాత నా మీద కోపముంటే జీవితాంతం ఉంచుకో.

నీ అక్క


ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం వచ్చి ఆరు వారాలు. దాన్ని నాలుగు రోజులు బియ్యం డబ్బా కింద పెట్టాను. అయిదో రోజు తీసి ఆయనకిచ్చి, పైకి చదవమన్నాను. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి చెవులు మూసుకున్నాను. ఆయన ఆగి, "మళ్లీ చదవనా?" అన్నారు. చదవమన్నాను. పదకొండుసార్లు చదివించుకున్నాను. ఆయన గొంతు బొంగురుపోయింది. మర్నాడు ఇద్దరం నడిచి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం.

ఈసారి గొడుగు మర్చిపోకండి అని మాత్రం ఆవిడ అంది. తెల్లకాగితం మీద మూడు మాటలు రాసి నా ముందు పెట్టింది. జరిగింది. జరగండి. జరుగుతారా. చూస్తూ కూర్చోమంది. చెమటకి జాకెట్టు తడిసిపోయింది.

మన భాషలో ఎంత చెడ్డ ఏర్పాటో చూడక్కా. పక్కకి జరగడానికీ ఘోరం జరగడానికీ ఒకటే మాట. అందరూ ఏం జరిగిందని అడుగుతారు. బస్సులో ఒకావిడ జరిగింది. అదే జరిగింది.

చెబుతాను. బస్సు ఇంకా కదల్లేదు. ఇద్దరు కూర్చునే సీటులో బయటివైపు ఒకావిడ కూర్చుని ఉంది, నా వయసుదే. ఒడిలో కొత్త చెప్పుల డబ్బా, దాని మీద రెండు చేతులూ. కిటికీ పక్క చోటు ఖాళీ. కిటికీ నిండా ఎండ. నాకు ఎండ పడితే తలనొప్పి. ఫోన్ సంచీలో పెట్టేసి, "కొంచెం లోపలికి జరుగుతారా?" అని అడిగాను. ఆవిడ ముఖం చిట్లించినట్టు గుర్తు. అయిష్టంగా జరిగినట్టు గుర్తు. నేను నీడలో కూర్చున్నాను.

లారీ వచ్చాక ఆవిడ తల నా భుజం మీద వాలి ఉంది. చెప్పుల డబ్బా నా ఒళ్లో ఉంది. నిద్రపోతోందని నాకు నేను చెప్పుకున్నాను. ఎవరో వచ్చి బయటికి తీసేదాకా, లేపకూడదన్నట్టు కదలకుండా కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. ఈ ఒక్కదానికి నా దగ్గర అంకె లేదు.

నీకెందుకు చెప్పలేదో అది కూడా రాయాలి. బస్సెక్కుతుండగా నువ్వు ఫోన్ చేశావు. "కిటికీ పక్కన కూర్చోకు, తలనొప్పి తెచ్చుకుని వస్తే ఇక్కడ నీకు సేవలు చేసే ఓపిక నాకు లేదు" అన్నావు. చిన్నప్పటి నుంచి నీ మాట వినడం అలవాటు, విన్నాను. ఆసుపత్రిలో కళ్లు తెరిచి నిన్ను చూడగానే అనుకున్నాను, ఇది అక్కకి తెలియకూడదు, ఈ భారం ఇద్దరిలో ఒక్కదానికి ఉంటే చాలు అని. ఫోన్ మోగితే నువ్వే మళ్లీ అదే మాట చెబుతావేమో అనిపించేది.

డాక్టరమ్మ ఒక మాటంది. "ఎండ పడకూడదని అడిగారు. లారీ వస్తుందని అడగలేదు." అవునని తల ఊపాను. తలకి తెలిసింది. ఒంటికి ఇంకా తెలియలేదు. బస్సులో ఆవిడ ముఖం చిట్లించిన చోటికి వచ్చేసరికి రోజూ కూలిపోతున్నాను.

ఈ వారం నిజం అంకెలు ఇవి: తొంభై అయిదు, తొంభై అయిదు, ఎనభై, తొంభై, అరవై, ఎనభై అయిదు. ఆదివారం వెయ్యలేదు, చెయ్యి రాలేదు. కాగితమంతా కొట్టివేతలు. డాక్టరమ్మ దాన్ని చూసి ఎంత సంతోషించిందో. ఇంకో ఎనిమిది వారాలు పెంచింది.

నీకు బాధ కలిగించాను. రాయకుండా ఉండలేకపోయాను.

నీ చీమ


ప్రియమైన చీమకి,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపాను. ఇది నాలుగోది. చింపకుండా పోస్టులో వెయ్యమని పక్క షాపు ఆవిడ చేతికి ఇవ్వబోతున్నాను.

నువ్వు ఫోన్ సంచీలో పెట్టి ఆ తర్వాత అడిగానని రాశావు. కాదు. ఫోన్ నీ చెవి దగ్గరే ఉంది. నేను వింటూనే ఉన్నాను. "కొంచెం లోపలికి జరుగుతారా" అని నువ్వు అనడం విన్నాను. ఆవిడ జవాబు కూడా విన్నాను.

ఆవిడ ఇలా అంది. "అయ్యో, రండి. నేనే జరుగుదామనుకుంటున్నానండీ. కిటికీ అంటే నాకు ప్రాణం. ఈ బస్టాండులో బయట నుంచి చెయ్యి పెట్టి డబ్బా లాక్కుపోతారేమోనని ఇటు కూర్చున్నాను. మీరు తోడొచ్చారుగా, ఇక ఫర్వాలేదు." అని నవ్వింది. ఆ తర్వాతే నువ్వు "ఉంటానక్కా" అన్నావు, ఫోన్ ఆగిపోయింది.

నిన్ను ఓదార్చడానికి అల్లిన కథ కాదిది. కథే అల్లేదాన్నయితే మొదటి రోజే అల్లేదాన్ని. నిజం కాబట్టే చెప్పలేకపోయాను. ఎందుకో కూడా రాస్తాను.

ఆ రోజు నీ కోసం బస్టాండులో నిలబడి ఉన్నాను. కబురొచ్చింది. లారీ బస్సుని పక్క నుంచి గుద్దిందని, కిటికీల వైపు కూర్చున్నవాళ్లే పోయారని ఎవరో చెప్పారు. "హమ్మయ్య, మా చెల్లెలు అటు కూర్చోలేదు" అన్నాను. మనసులో కాదు, పైకి. గట్టిగా. పక్కనే ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు, రెండు చేతుల్లో రెండు టీ కప్పులు పట్టుకుని, ఒకటి తనకి, ఒకటి దిగబోయే మనిషికి. నా వైపు తిరిగి చూశాడు. గంట తర్వాత ఆసుపత్రిలో ఆయన్నే పిలిచి, చెప్పుల డబ్బా చూపించి, ఇది మీవాళ్లదేనా అని అడిగారు.

అటు ఎవరు కూర్చున్నారో నాకు అప్పటికే తెలుసు, చీమా. ఆవిడ గొంతు విన్నాను. విని కూడా హమ్మయ్య అన్నాను.

ఆవిడ మాట నీకు చెబితే, అది ఎప్పుడు విన్నావక్కా, తర్వాత ఏమనుకున్నావక్కా అని నువ్వు అడుగుతావు. నువ్వు వదలవు, నాకు తెలుసు. అందుకని ముందు నువ్వు నోరు విప్పాలని ఆసుపత్రిలోనూ, ఉత్తరాల్లోనూ నిన్నే పొడిచాను. నీకు కావలసింది నా నోట్లో పెట్టుకుని, నిన్ను కక్కు కక్కు అన్నాను. ఏడాది కావస్తోంది. నువ్వు నన్ను కాపాడుతున్నాననుకుని గుమ్మం దాటడం మానేశావు. నేను నన్ను కాపాడుకుంటూ కూర్చున్నాను.

నువ్వు బతికినందుకు నాకు సంతోషం. అది తప్పని ఎవరన్నా ఒప్పుకోను. ఆయన పక్కన నిలబడి అన్నందుకు సిగ్గు. రెండూ ఒకదాన్నొకటి తగ్గించుకోవడం లేదు. ఈ ఊళ్లో కూడా అలాంటి డాక్టరు ఒకాయన ఉన్నాడట, సోమవారం రమ్మన్నారు. వెళ్తాను. నా మీద నీకు కోపం రావాలి. రానివ్వు.

ఇది మీ డాక్టరమ్మ ముందు చదువు. ఇకమీదట నువ్వు ఆ రోజు సంగతి చెప్పేటప్పుడు నువ్వు అడిగిన మాట దగ్గర ఆగకు, ఆవిడ అన్న మాట కూడా చెప్పు. "నేనే జరుగుదామనుకుంటున్నానండీ." ఆవిడ గొంతు నా గొంతుకంటే కొంచెం బరువు. నవ్వేటప్పుడు చివర్లో చిన్నగా దగ్గింది. ముఖం చిట్లించిందో లేదో నేను చూడలేదు. నవ్వడం మాత్రం విన్నాను. నీకు నమ్మకం కలగకపోతే మళ్లీ అడుగు, మళ్లీ చెబుతాను. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు.

అక్క